బస్సు ఎవరి కోసం తిరగాలి అనేది కంప్యూటర్ చెప్పదు

2017 డిసెంబర్ మొదట్లో అమెరికాలోని బోస్టన్ ప్రభుత్వ స్కూళ్ల యంత్రాంగం వచ్చే విద్యా సంవత్సరం నుంచి స్కూళ్ల టైములు మారుస్తున్నామని ప్రకటించింది. దాదాపు 85 శాతం స్కూళ్లకి టైము మారింది, చాలా చోట్ల గంటకు మించే మారింది. ఈ టైముల వెనక ఉన్నది ఎంఐటీ యూనివర్సిటీ రీసెర్చర్లు తయారుచేసిన ఆప్టిమైజేషన్ ప్రోగ్రామ్, అంటే కుదిరే ప్లాన్లలో మేలైనది వెతికిపెట్టే ప్రోగ్రామ్. అదే ఏడాది అదే టీమ్ స్కూల్ బస్సుల రూట్లు కూడా కంప్యూటర్‌తో వేసి, దాదాపు 50 రూట్లు తగ్గించి, ఏడాదికి 50 లక్షల డాలర్ల దాకా మిగిలే దారి చూపించింది, అప్పటిదాకా రూట్లు వేయడానికి ఉద్యోగులకి వారాలు పట్టే పని అరగంటలో అయిపోయింది. కాబట్టి టైముల విషయంలో కూడా వాళ్లమీద గట్టి నమ్మకమే ఉంది.

కానీ ఆ నెల అయిపోకముందే ప్లాన్ వెనక్కి తీసుకున్నారు. తల్లిదండ్రులు మీటింగులకి వచ్చి అరిచారు, పిటిషన్లు పెట్టారు, చిన్న పిల్లల్ని పొద్దున ఏడుంబావుకి బడికి పంపి మధ్యాహ్నం ఒంటిగంట దాటగానే ఇంటికి పంపిస్తే ఉద్యోగాలు చేసుకునేవాళ్లు ఏం చేయాలి, ఆ మిగతా మధ్యాహ్నమంతా పిల్లల్ని ఎవరు చూస్తారు అని అడిగారు. ఈ ప్రశ్నకి యంత్రాంగం దగ్గర జవాబు లేదు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పుకోవాలి. ఆ ప్లాన్ లెక్కలో తప్పు లేదు. బోస్టన్‌లో ఒకే బస్సు పొద్దున మూడు స్కూళ్లకి వరసగా పిల్లల్ని దింపుతుంది, అందుకే స్కూళ్లు ఒకే టైముకి మొదలు కాకుండా విడతలుగా మొదలవ్వాలి, లేకపోతే మూడింతల బస్సులు కావాలి. టీనేజ్ పిల్లలకి పొద్దున నిద్ర చాలకపోతే చదువూ ఆరోగ్యమూ దెబ్బతింటాయని డాక్టర్లు చాలా కాలంగా చెప్తున్నారు, అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2014లోనే హైస్కూళ్లు ఎనిమిదిన్నర తర్వాతే మొదలవ్వాలని చెప్పింది. ఎంఐటీ ప్లాన్‌లో ఎనిమిదికి ముందే బడికి పోవాల్సిన హైస్కూల్ పిల్లలు 74 శాతం నుంచి 6 శాతానికి పడిపోయారు. ఇది మామూలు మెరుగుదల కాదు. కానీ పెద్ద పిల్లలు లేటుగా వెళ్లాలంటే, బస్సులు పెరగకూడదంటే, ఎవరో ఒకరు ముందు వెళ్లాల్సిందే, ఆ ఎవరో చిన్న పిల్లలయ్యారు. ప్రోగ్రామ్ అడిగినదే చేసింది. అడగాల్సిన ప్రశ్న మాత్రం తల్లిదండ్రుల ముందు సరిగ్గా పెట్టలేదు. సర్వేలు చేశారు, ఏ టైము ఇష్టం అని అడిగారు, కానీ "పెద్దోళ్ల నిద్ర కోసం చిన్నోళ్లు ఏడుంబావుకి వెళ్తే మీకు పర్లేదా, లేక ఇంకొన్ని కోట్లు పెట్టి బస్సులు పెంచుదామా" అని రెండు మూడు ప్లాన్లు పక్కపక్కన పెట్టి చూపించలేదు. జనం చేతికి చివరికొచ్చింది ఒకే ఒక్క జవాబు, అదీ వాళ్ల పిల్లల పేరు మీద.

ఒకేసారి రెండు మూడు లక్ష్యాలు పెట్టుకుని లెక్క వేయడాన్ని మల్టీ ఆబ్జెక్టివ్ ఆప్టిమైజేషన్ అంటారు, బహుళ లక్ష్యాల ఆప్టిమైజేషన్ అనుకోవచ్చు. పేరు పెద్దగా ఉన్నా మూల విషయం చాలా చిన్నది, దాన్ని ఎలా వాడాలి అన్న దగ్గరే ప్రభుత్వాలు తప్పటడుగు వేస్తున్నాయి. అది వివరంగా చూద్దాం.

మన ఆర్టీసీ డిపో ఒకటి ఊహించుకోండి. డిపో చుట్టూ వంద ఊళ్లు, డిపోలో ఉన్న బస్సులు అవే, డ్రైవర్లు కండక్టర్లు అంతే, డీజిల్ బడ్జెట్ కూడా అంతే. ఇప్పుడు రెండు కోరికలు ఉన్నాయి, ఒకటి రోజుకి ఎక్కువ మంది ఎక్కాలి, రెండు వీలైనన్ని ఊళ్లకి రోజుకి కనీసం నాలుగు ట్రిప్పులు పడాలి. మొదటి ప్లాన్‌లో బస్సులన్నీ మెయిన్ రోడ్డు మీద పది నిమిషాలకొకటి తిప్పితే రోజుకి 40 వేల మంది ఎక్కుతారు, కానీ 30 ఊళ్లకే బస్సు అందుతుంది. రెండో ప్లాన్‌లో 20 వేల మంది ఎక్కుతారు, 90 ఊళ్లకి అందుతుంది. మూడో ప్లాన్‌లో 28 వేల మంది, 55 ఊళ్లు. నాలుగో ప్లాన్‌లో 27 వేల మంది, 50 ఊళ్లు. అంకెలు ఊహించినవే, కానీ ఇలాంటి బేరం ప్రతి డిపోలో నిజంగా ఉంటుంది.

ఈ నాలుగింటిలో నాలుగోదాన్ని వెంటనే పక్కన పడేయొచ్చు, ఎందుకంటే మూడోది రెండు లెక్కల్లోనూ దానికంటే బాగుంది, ఎవరి ఇష్టాయిష్టాలతోనూ పనిలేదు, డిపో మేనేజర్‌కైనా సర్పంచ్‌కైనా ఎమ్మెల్యేకైనా నాలుగోది ఎంచుకోవడానికి కారణమే లేదు. మిగతా మూడూ మాత్రం అలా కాదు, ఒకదాంట్లో లాభం కావాలంటే ఇంకోదాంట్లో నష్టపోవాల్సిందే. ఇలా ఏ ఒక్కటీ ఇంకోదాన్ని పూర్తిగా కొట్టేయలేని ప్లాన్ల గుంపుని పారెటో ఫ్రంట్ అంటారు, వందేళ్ల క్రితం ఇటలీ ఆర్థికవేత్త విల్‌ఫ్రెడో పారెటో పేరు మీద వచ్చింది. లెక్కలు చేయగలిగిన పని ఇక్కడితో అయిపోతుంది. పనికిరాని ప్లాన్లని ఏరిపారేయడం లెక్క పని, మిగిలినవాటిలో ఏది అనేది మనుషుల పని, రెంటికీ మధ్య ఉన్న ఈ గీతని చెరిపేసిన ప్రతిసారీ గొడవలే వచ్చాయి.

గీత చెరిపేసే మామూలు పద్ధతి వెయిటేజీలు ఇవ్వడం. ఎక్కినవాళ్లకి ఇన్ని మార్కులు, ఊరికి ఇన్ని మార్కులు అని పెట్టి మొత్తం కలిపేసి ఎక్కువ మార్కులొచ్చిన ప్లాన్ గెలిచింది అంటారు. కన్సల్టెంట్ల రిపోర్టుల్లో చివరి పేజీలో ఉండే టేబుల్ ఇదే, 30 శాతం ఖర్చుకి, 25 శాతం ట్రాఫిక్‌కి, 15 శాతం పర్యావరణానికి, ఇట్లా. ఆ 30 ఎందుకు 30 అయింది, 35 ఎందుకు కాలేదు అని అడిగితే ఎవరూ చెప్పలేరు, కానీ ఆ అంకె మీదే వేల కోట్ల ప్రాజెక్టు ఏ వైపు నుంచి పోవాలో తేలిపోతుంది. అంటే రాజకీయ నిర్ణయం జరిగిపోయింది, కానీ అది ఎక్కడ జరిగిందో ఎవరికీ కనపడలేదు.

ఇంకో లోపం కూడా ఉంది, ఇది చాలామంది ఇంజనీర్లకి కూడా తట్టదు. పైన చెప్పిన డిపో లెక్కనే తీసుకోండి. ఒక ఊరికి బస్సు అందడం ఎంతమంది ప్రయాణికులతో సమానం అని ఒక వెయిటేజీ పెట్టి చూద్దాం. మూడో ప్లాన్ మొదటిదాన్ని దాటాలంటే ఒక్కో ఊరు కనీసం 480 మంది ప్రయాణికులతో సమానం కావాలి. అదే మూడో ప్లాన్ రెండోదాన్ని దాటాలంటే ఊరి విలువ సుమారు 228 కంటే తక్కువ ఉండాలి. రెండూ ఒకేసారి కుదరవు కదా. అంటే మీరు ఏ వెయిటేజీ ఇచ్చినా సరే మూడో ప్లాన్ ఎప్పటికీ గెలవదు, సాఫ్ట్‌వేర్ దాన్ని ఎప్పటికీ స్క్రీన్ మీదకి తేదు. ఆ ప్లాన్ చెడ్డదా అంటే కాదు, రెండోదానికంటే 8 వేల మంది ఎక్కువ ఎక్కుతున్నారు, మొదటిదానికంటే 25 ఊళ్లు ఎక్కువ బస్సు చూస్తున్నాయి, నిజానికి మీటింగులో అందరూ కూర్చుంటే ఒప్పుకోగలిగే మధ్యే మార్గం అదే కావచ్చు. బస్సు రూట్లలాంటి విషయాల్లో, అంటే రూటు ఉంటే ఉన్నట్టు లేకపోతే లేనట్టు, సగం రూటు ఉండదు కాబట్టి, ఇలాంటి ప్లాన్లు చాలా వస్తాయి. మార్కులు కలిపే పద్ధతి వాటన్నిటినీ చప్పుడు లేకుండా మింగేస్తుంది.

దీనికి విరుగుడు కష్టమేం కాదు. ఒక లక్ష్యాన్ని షరతుగా మార్చాలి. కనీసం 50 ఊళ్లకి బస్సు అందాలి, ఆ తర్వాత ఎక్కేవాళ్ల సంఖ్య వీలైనంత పెంచు అని అడిగితే మూడో ప్లాన్ బయటికొస్తుంది. 50 బదులు 60, 70, 80 అని షరతు మారుస్తూ పోతే ఫ్రంట్ మొత్తం కనిపిస్తుంది. దీంట్లో ఇంకో సుఖం కూడా ఉంది, కనీసం 50 ఊళ్లు అనేది గ్రామసభలో ఎవరికైనా అర్థమయ్యే మాట, ఒక ఊరు 480 మంది ప్రయాణికులతో సమానం అనేది ఎవరికీ అర్థం కాదు.

నిజం నెట్‌వర్కుల్లో ప్లాన్లు నాలుగు కాదు, కోట్ల కోట్లు ఉంటాయి, అన్నీ చూసుకుంటూ కూర్చుంటే ఏ కంప్యూటరూ చాలదు. ఇక్కడ మన దేశం నుంచి వచ్చిన ఒక పద్ధతిని ప్రపంచమంతా వాడుతోంది. ఐఐటీ కాన్పూర్‌లో కళ్యాణ్మయ్ దేబ్, ఆయన స్టూడెంట్లు కలిసి తయారుచేసిన ఎన్‌ఎస్‌జీఏ-టూ అనే అల్గారిథం 2002లో పేపర్‌గా వచ్చింది, ఇంజనీరింగ్ రంగంలో మిగతా రీసెర్చర్లు అత్యధికంగా ప్రస్తావించిన పేపర్లలో అదొకటి. అది చేసే పని సుమారుగా ఇది. ముందు ఇష్టమొచ్చినట్టు వందో రెండొందలో ప్లాన్లు తయారుచేస్తుంది. ఎవరూ కొట్టేయలేని ప్లాన్లని మొదటి వరసలో, వాటిని తీసేస్తే మిగిలినవాటిలో ఎవరూ కొట్టేయలేనివాటిని రెండో వరసలో, ఇలా వరసలు కడుతుంది. ముందు వరసల్లో ఉన్న ప్లాన్లని ఒకదాంతో ఒకటి కలిపి, అక్కడక్కడ కాస్త మార్చి కొత్త ప్లాన్లు పుట్టిస్తుంది, మళ్లీ వరసలు, మళ్లీ ఏరడం. ఒకే వరసలో రెండు ప్లాన్లు పోటీపడితే చుట్టుపక్కల తనలాంటివి తక్కువున్న ప్లాన్‌కి చోటిస్తుంది, దానివల్ల అన్నీ ఒకే మూల గుమిగూడకుండా ఫ్రంట్ ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుచుకుంటుంది. ఈ చివరి చిట్కా చూడటానికి చిన్నది, కానీ నిర్ణయం తీసుకునేవాళ్లకి నిజంగా వేర్వేరు ప్లాన్లు అందేది దానివల్లే.

బస్సు రూట్ల రీసెర్చ్‌లో అందరూ తమ పద్ధతిని పరీక్షించుకునే ఒక చిన్న నెట్‌వర్క్ ఉంది, మాండ్ల్ అనే ఆయన 1979 ప్రాంతంలో స్విట్జర్లాండ్ రోడ్ల నుంచి తీసుకున్నది, 15 స్టాపులే ఉంటాయి. అందులో ప్రయాణికుల టైము మాత్రమే చూసుకుంటే సగటు ప్రయాణం పది నిమిషాల పైచిలుకు దగ్గరికి వస్తుంది, కానీ రూట్లన్నీ కలిపి చాలా పొడవుగా ఉండాలి. బస్సు నడిపేవాళ్ల ఖర్చే చూసుకుంటే రూట్ల మొత్తం పొడవు (బస్సు నడిచే టైములో కొలిస్తే) 63 నిమిషాల దాకా తగ్గించొచ్చు, అంటే సగం కంటే తక్కువ, కానీ అప్పుడు సగటు ప్రయాణం 13 నుంచి 15 నిమిషాలకి పోతుంది, బస్సు మారాల్సిన వాళ్లు బాగా పెరిగిపోతారు. ఈ రెండు చివరల మధ్య వందల ప్లాన్లు ఉన్నాయి. విలువైన సమాచారం ఈ ప్లాన్లని గ్రాఫు మీద పెడితే వచ్చే ఫ్రంట్ వంపులోనే ఉంది, ఎందుకంటే ఎక్కడో ఒక చోట కొద్ది ఖర్చుకి చాలా టైము కలిసొస్తుంది, ఆ చోటు దాటాక ఎంత ఖర్చు పెట్టినా పెద్దగా మారదు. ఆర్థిక శాఖ ఫైలు మీద ఇంకో పది బస్సులు కావాలి అని రాసే కన్నా ఈ వంపు గీసి మనం ఇక్కడున్నాం అని వేలు పెట్టి చూపిస్తే వాదన ఎంత బలంగా ఉంటుందో.

అయితే ఇంత చక్కని గణితం కూడా లక్ష్యాల లిస్టులో రాయని విషయాన్ని పట్టించుకోదు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. రవాణా ప్రాజెక్టుల్లో లాభం అంటే మొట్టమొదట రాసేది కలిసొచ్చిన సమయం. ఒక ఫ్లైఓవర్ కడితే రోజుకి 90 వేల మందికి తలా రెండు నిమిషాలు కలిసొచ్చాయనుకోండి, మొత్తం 3 వేల గంటలు. ఇంకో చోట బస్సే లేని బస్తీలకి బస్సు వేస్తే 3 వేల మందికి తలా గంట కలిసొచ్చింది, అది కూడా 3 వేల గంటలే. లెక్కలో రెండూ సమానం. రెండు నిమిషాలు కలిసొస్తే ఎవరి బతుకూ మారదు, ఇంకో సిగ్నల్ దగ్గర అవి పోతాయి కూడా. రోజుకి గంట కలిసొస్తే ఒక అమ్మాయి కాలేజీ మానకుండా ఉంటుంది, పనిమనిషిగా చేసే ఆవిడ ఇంకో ఇంట్లో పని ఒప్పుకోగలుగుతుంది. పైగా ఆదాయాన్ని బట్టి ఒక్కో మనిషి గంటకి రేటు కడితే కారులో ఉన్నాయన గంట ఖరీదెక్కువ అవుతుంది, బస్సు కోసం నిలబడ్డావిడ గంట చవకవుతుంది, అప్పుడు ఫ్లైఓవర్ గెలుస్తుంది. ఇది సైన్స్ పేరుతో జరిగే అన్యాయం. బాగా వెనకబడినవాళ్లకి ఎంత టైము కలిసొచ్చిందో దాన్ని విడిగా, సొంతంగా ఒక లక్ష్యంగా పెట్టి చూపించాలి తప్ప మొత్తంలో కలిపేయకూడదు.

ఆర్టీసీలో ఇప్పటికీ డిపో పనితీరుని ప్రధానంగా చూసేది ఓఆర్ తో, అంటే సీట్లు ఎంతవరకు నిండాయి అనే ఆక్యుపెన్సీ రేషియో, ఇంకా కిలోమీటర్‌కి ఎంత వచ్చింది అనే ఈపీకే తో. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద మహిళలకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక, ఆంధ్రాలో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి వచ్చాక, బస్సులు నిండిపోయాయి. పాత లెక్కలో ఓఆర్ పెరగడం శుభవార్త. కానీ వంద శాతం దాటిన బస్సు అంటే ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న స్టూడెంట్, నిలబడలేక దిగిపోయిన ముసలాయన, ఆపకుండా వెళ్లిపోయిన బస్సు వైపు చూస్తూ స్టాపులో ఉండిపోయిన ఆడవాళ్లు. ఒకే అంకె 70 దగ్గర ఉన్నప్పుడు పెరగడం మంచిది, 100 దాటాక పెరగడం చెడ్డది, అయినా నెలవారీ రివ్యూలో రెండింటికీ ఒకే చప్పట్లు. ఉచిత ప్రయాణం మంచిదా కాదా అనే వాదన వేరు, అది జరగాల్సినంత జరుగుతూనే ఉంది. ఇక్కడ చెప్పేదేంటంటే పథకం వచ్చాక లక్ష్యాలే మారిపోయాయి, ఎంతమంది ఎక్కారు అనేది ఒకటి, ఎంతమంది నిలబడి వెళ్లారు ఇంకోటి, ఎంతమంది ఎక్కలేకపోయారు మూడోది, ప్రభుత్వం కట్టే డబ్బు నాలుగోది. వీటిని ఒకే ఓఆర్ లో దాచేస్తే బస్సులు ఏ రూటుకి పెంచాలో ఎవరికీ తెలీదు.

జనం ప్రవర్తన మారడం అనేది ఈ రంగంలో ఇంకో తలనొప్పి. రోడ్డు వేస్తే, టికెట్ తీసేస్తే, ట్రిప్పులు పెంచితే జనం కొత్తగా దారులు ఎంచుకుంటారు, ప్లాన్ వేసినప్పటి అంకెలు ప్లాన్ అమలయ్యాక ఉండవు. ప్రతి ఒక్కరూ తన టైము తాను తగ్గించుకోవాలని చూస్తే ఊరు మొత్తానికి అది మేలు కాకపోవచ్చని ఇంగ్లండ్‌లో ట్రాఫిక్ రీసెర్చర్ వార్డ్రాప్ 1952లోనే రాసిన సూత్రాల నుంచి తేలుతుంది, 1968లో జర్మన్ గణిత శాస్త్రవేత్త బ్రేస్ ఇంకో అడుగు ముందుకేసి కొత్త రోడ్డు కలిపితే అందరి ప్రయాణం ఇంకా లేటయ్యే పరిస్థితి ఉంటుందని చూపించాడు. అందుకే మంచి ట్రాన్స్‌పోర్ట్ మోడల్ ప్రతి ప్లాన్‌కీ జనం ఎలా సర్దుకుంటారో మళ్లీ మళ్లీ లెక్కేసుకోవాలి, దానివల్లే ఈ లెక్కలకి గంటలు రోజులు పడతాయి.

లక్ష్యాలు ఎక్కువైతే బాగుంటుందా అంటే అదీ కాదు. మీటింగులో ప్రతి శాఖా మా లక్ష్యం కూడా పెట్టండి అంటుంది, పెట్టుకుంటూ పోతే ఏమవుతుందో చిన్న లెక్క చూడండి. 200 ప్లాన్లు ఉన్నాయి, ప్రతి లక్ష్యంలోనూ వాటి మార్కులు ఒకదాంతో ఒకటి సంబంధం లేకుండా పడ్డాయి అనుకుందాం. లక్ష్యాలు రెండే ఉంటే ఎవరూ కొట్టేయలేని ప్లాన్లు సగటున ఆరు మిగులుతాయి, ఆరింటి గురించి కూర్చుని మాట్లాడుకోవచ్చు. లక్ష్యాలు పది అయితే కనీసం 80 శాతం, అంటే 160 ప్లాన్లు మిగిలిపోతాయి, ఎందుకంటే పదింటిలోనూ ఒకదాన్ని ఇంకోటి దాటే అవకాశం వెయ్యి ఇరవై నాలుగులో ఒక్కటి. లెక్క వేసినా వేయకపోయినా ఒకటే అయినట్టు. దీన్ని ఎదుర్కోవడానికే దేబ్, హిమాంశు జైన్ 2014లో ఎన్‌ఎస్‌జీఏ-త్రీ తెచ్చారు, అయినా అల్గారిథం ఎంత మంచిదైనా 160 ప్లాన్లు చూసి మనిషి ఏం తేల్చగలడు. నిజంగా గొడవ ఉన్న మూడు లక్ష్యాలు, ఎక్కువలో ఎక్కువ నాలుగు పట్టుకుని, మిగతావన్నీ దాటకూడని హద్దులుగా పెట్టుకోవడమే నయం. పొగ పరిమితి, అప్పు పరిమితి లాంటివి హద్దులుగా చక్కగా ఇమిడిపోతాయి.

ప్రశ్నని ముందే జనం ముందు పెట్టిన ఊరు ఒకటుంది, టెక్సాస్‌లో హ్యూస్టన్. మనవాళ్లు చాలామంది ఉండే ఊరే, కార్ల ఊరు అని పేరు. అక్కడి బస్సు సంస్థ రూట్లన్నీ తిరగరాయాలనుకున్నప్పుడు మ్యాపులతో మొదలుపెట్టలేదు, ఒక ప్రశ్నతో మొదలుపెట్టింది. ఉన్న బస్సుల్లో ఎన్ని ఎక్కువ మంది ఎక్కే రూట్లకి, ఎన్ని జనం తక్కువున్నా బస్సు ఉండి తీరాల్సిన చోట్లకి? అప్పటికి లెక్క తీస్తే సుమారు 55 శాతం మొదటిదానికి, 45 శాతం రెండోదానికి పోతోంది, ఎవరూ కూర్చుని అలా నిర్ణయించలేదు, ఏళ్ల తరబడి ఒక్కో రూటు కలుపుతూ అలా తయారైంది. బోర్డు చర్చించి 80, 20 అని తేల్చింది. ఆ తర్వాతే గీతలు గీశారు. ఈశాన్యం వైపు జనం పల్చబడ్డ బస్తీల నుంచి గట్టి అభ్యంతరాలు వచ్చాయి, మా బస్సు తీసేస్తున్నారు అని, వాటి కోసం తుది ప్లాన్‌లో మార్పులు చేశారు. 2015 ఆగస్టు 16న ఒక్క రాత్రిలో నెట్‌వర్క్ మొత్తం మారిపోయింది, తరచుగా బస్సు వచ్చే రూట్లకి దగ్గరున్న జనం రెండింతలు దాటారు, శని ఆదివారాల్లో కూడా బస్సులు వారంలో లాగే తిరిగాయి, ఆదివారం ఎక్కేవాళ్లు బాగా పెరిగారు. బస్సు పోగొట్టుకున్నవాళ్లు లేరా అంటే ఉన్నారు, వాళ్ల బాధ నిజమైనదే. కానీ ఆ బాధ ఎందుకు, ఎవరి నిర్ణయం వల్ల అనేది దాచిపెట్టలేదు, 80 అని తేల్చింది బోర్డేనని అందరికీ తెలుసు, 70 చేయండి అని అడగడానికి జనానికి ఒక అంకె దొరికింది. బోస్టన్‌కీ హ్యూస్టన్‌కీ తేడా ఇదే, బోస్టన్ ప్రోగ్రామ్ హ్యూస్టన్‌వాళ్లు వాడినదాని కంటే గణితంలో చాలా గొప్పది కూడా.

అయితే జనాన్ని ముందే అడిగి వాళ్లు చెప్పింది రాసుకుంటే సరిపోతుందా? స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ అనుభవం చూస్తే అంత సులువు కాదనిపిస్తుంది. అక్కడ 2006 జనవరి నుంచి జులై దాకా నగరం లోపలికి వచ్చే కార్ల మీద ట్రాఫిక్ పన్ను ప్రయోగంగా పెట్టారు. పెట్టేముందు ఎక్కువ మంది వ్యతిరేకించారు. పెట్టాక హద్దు దాటే వాహనాలు సుమారు 20 శాతం తగ్గాయి, తేడా కళ్లకి కనిపించింది. సెప్టెంబర్‌లో రెఫరెండం, అంటే ఈ ఒక్క విషయం మీద జనం ఓటు, పెడితే నగరంలో సగానికి కొంచెం పైగా జనం ఉండనివ్వండి అన్నారు, 2007 ఆగస్టు నుంచి పన్ను శాశ్వతమైంది. అంటే మనుషులకి ఏది ఎంత ముఖ్యమో ముందే తలలో రాసిపెట్టి ఉండదు, ఖాళీ రోడ్డు చూశాక దాని విలువ తెలుస్తుంది, పన్ను కట్టాక దాని బరువు తెలుస్తుంది. కాబట్టి ఒకే సర్వేతో వెయిటేజీలు తేల్చేసి, అదే ప్రజాభిప్రాయం అని ఐదేళ్లు వాడటం మోసం కాకపోయినా మోసానికి దగ్గర్లో ఉంటుంది. ఒక ప్లాన్ చూపించడం, ఇందులో మీకు నచ్చనిదేంటి అని అడగడం, దాన్ని బాగుచేస్తే ఏది వదులుకోవాల్సి వస్తుందో వెంటనే చూపించడం, మళ్లీ అడగడం, ఇలా తిప్పి తిప్పి చేసే పద్ధతులు ఈ రంగంలో ఎప్పటినుంచో ఉన్నాయి. వీలైన చోట ఆరు నెలలు ట్రయల్ వేయడం ఇంకా మంచిది, బస్సు రూటుకి కాంక్రీటు అక్కర్లేదు, నచ్చకపోతే మార్చుకోవచ్చు. ఫ్లైఓవర్‌కి ఆ సుఖం లేదు, అందుకే వెనక్కి తీసుకోగలగడం కూడా ఒక లక్ష్యంగా లిస్టులో ఉండాలి, ఎవరూ పెట్టరు.

మన దగ్గర ఇది మొదలుపెట్టడానికి డేటా లేదు అనే మాట ఇక చెల్లదు. ఉచితంగా ఎక్కే మహిళలకి కూడా కండక్టర్లు మెషిన్‌లో జీరో టికెట్ కొట్టి ఇస్తున్నారు, ఆ టికెట్ మీద ఏ స్టేజీ నుంచి ఏ స్టేజీకి అనేది ఉంటుంది, ట్రిప్పు వారీగా ఎక్కడ ఎంతమంది ఎక్కారో దిగారో దాన్నుంచి తీయొచ్చు. ఏ రూటులో ఏ గంటలో సీట్ల కంటే జనం ఎక్కువయ్యారో డిపో వారీగా లెక్క కట్టొచ్చు, ఉన్న బస్సులతోనే నాలుగైదు వేర్వేరు షెడ్యూళ్లు తయారుచేసి, ఒక్కోదాంట్లో ఏ మండలానికి ట్రిప్పులు పెరుగుతాయో ఏ మండలానికి తగ్గుతాయో బస్టాండు గోడ మీద అంటించొచ్చు. ఇంజనీరింగ్ కాలేజీల్లో ఈ అల్గారిథమ్‌లు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల్లో రాసే పిల్లలు రెండు రాష్ట్రాల్లోనూ బోలెడంతమంది ఉన్నారు, వాళ్లకి పుస్తకంలోని బొమ్మ ప్రాబ్లమ్స్ బదులు ఒక్కో డిపో డేటా ఇస్తే చాలు. కానీ టికెట్ కొట్టింది ఎక్కినవాళ్లకే. బస్సు ఆపకుండా పోతే స్టాపులో మిగిలిపోయినవాళ్లు, అసలు బస్సే లేదు కాబట్టి షేర్ ఆటోలో వేలాడుతూ వెళ్లేవాళ్లు, చీకటి పడితే తిరిగొచ్చే బస్సు ఉండదని కూతుర్ని టౌన్ కాలేజీలో చేర్చని ఇల్లు, వీళ్లెవరూ ఆ మెషిన్‌లో లేరు. వాళ్ల లెక్క కావాలంటే స్టాపుల దగ్గర మనుషుల్ని నిలబెట్టి లెక్కపెట్టించాలి, బస్సు పోని ఊళ్లకి వెళ్లి ఇంటింటికీ అడగాలి, ఆ అంకె వచ్చాకే ప్రోగ్రామ్ రన్ చేయాలి.